ప్రాధాన్య పాస్ కొన్నా వరుసలో నిలబడాల్సి వస్తే: మేడ్చల్, శామీర్‌పేట వాసులు తరచూ అడిగే ప్రశ్నలు

మేడ్చల్, శామీర్‌పేట వైపు రిసార్టులకు కొదవ లేదు. పెద్ద రైడ్‌లున్న థీమ్ పార్కు కావాలంటే మాత్రం నగరానికి అవతలి కొసకు వెళ్ళాలి. శామీర్‌పేట దగ్గర 7వ ఎగ్జిట్‌లో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, కీసర, ఘట్‌కేసర్, పెద్ద అంబర్‌పేట దాటి, రావిర్యాల దగ్గర 13వ ఎగ్జిట్‌లో దిగితే 2016లో మొదలైన వండర్‌లా వస్తుంది. పొద్దున్నే బయల్దేరి, టోలు కట్టి, ఇంటిల్లిపాదికీ టికెట్లు కొన్న కుటుంబానికి చేతిలో ఉండేది ఆ ఒక్క రోజే. దాన్ని వరుసల్లో పోగొట్టుకోకూడదనే అదనంగా డబ్బు పెట్టి ప్రాధాన్య పాస్ కొంటారు. వండర్‌లాలో దీన్ని ఫాస్ట్‌ట్రాక్ పేరుతో అమ్ముతారు. ఇతర చోట్ల పేర్లు వేరు.

కింది సమాధానాలు ఏ ఒక్క పార్కునూ ఉద్దేశించినవి కావు. ఇవి సాధారణ సమాచారం మాత్రమే. మీ టికెట్టు మీది షరతులను బట్టి ఫలితం మారవచ్చు. ఆలయాల దర్శనం టికెట్లు వీటి పరిధిలోకి రావు.

ఇక్కడ వాడిన మాటలకు అర్థాలు ఇవి. ప్రాధాన్య పాస్: అదనపు రుసుము తీసుకుని, రైడ్ ఎక్కడానికి వేరే వరుసను గాని, ముందే కేటాయించిన వేళను గాని ఇచ్చే టికెట్టు, చేతిపట్టీ లేదా ఫోన్‌లోని కోడ్. నిర్వాహకుడు: పార్కును నడుపుతున్న సంస్థ. నిరీక్షణ సమయం: ప్రాధాన్య వరుస మొదట్లో పాస్ చూపించినప్పటి నుంచి రైడ్‌లో కూర్చునేదాకా గడిచిన కాలం. హామీ: నిర్వాహకుడు టికెట్టు, వెబ్‌సైట్, ప్రకటన, బోర్డు, సందేశాలలో దేనిమీదైనా రాతపూర్వకంగా చెప్పిన మాట. చట్టం: వినియోగదారుల రక్షణ చట్టం, 2019.

1. ప్రాధాన్య పాస్ ఉంటే అసలు ఆగనక్కర లేదా?

ఆగాలి. ప్రాధాన్య పాస్ మీకు ఇచ్చేది వేరొక వరుస. అసలు వరుసే ఉండదని అది చెప్పదు. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికి వెళ్ళినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర లేదు. నిర్వాహకుడు ‘ఇన్ని నిమిషాల్లోపు’ అని హామీ ఇచ్చి ఉంటే తప్ప, కొంతసేపు నిలబడవలసి వచ్చిందన్న ఒక్క కారణంతో హక్కు పుట్టదు.

ప్రాధాన్య పాస్‌లు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకంలో ఎప్పుడు వెళ్ళినా వేరే వరుసలోకి పంపుతారు. రెండో రకంలో ఫలానా వేళకు రమ్మని చెబుతారు. డిస్నీ పార్కులు 1999లో ప్రవేశపెట్టిన ఫాస్ట్‌పాస్ రెండో రకానిది. దానికి అదనపు రుసుము లేదు. గంట నిడివి గల వేళ ఇచ్చేవారు. ఫ్లోరిడా డిస్నీలో 2021 నుంచి అలాంటి సౌకర్యానికి డబ్బు వసూలు చేస్తున్నారు. రెండో రకంలో నిలబడే సేపు తగ్గుతుంది గాని, మీ వేళ వచ్చేదాకా పార్కులో తిరుగుతూ గడిపే కాలం అలాగే ఉంటుంది. కొనేముందు మీది ఏ రకమో తేల్చుకోండి.

2. మరి నిజంగా ఎంతసేపు పడుతుంది?

రైడ్ ఒక విడతకు ఎంతమందిని ఎక్కిస్తుంది, గంటకు ఎన్ని విడతలు తిరుగుతుంది, ఆ సీట్లలో ప్రాధాన్య వరుసకు ఎన్ని కేటాయిస్తారు, మీ ముందు ఎంతమంది ఉన్నారు అనే నాలుగు అంశాల మీద నిరీక్షణ సమయం ఆధారపడుతుంది.

ఉదాహరణకు ఒక రైడ్‌లో 24 సీట్లు, విడతకు 4 నిమిషాలు అనుకుందాం. గంటకు 15 విడతలు, 360 మంది. రెండు వరుసలు కలిసే గేటు దగ్గర నిలబడ్డ ఉద్యోగి విడతకు 12 మందిని ప్రాధాన్య వరుస నుంచి, 12 మందిని సాధారణ వరుస నుంచి వదులుతున్నాడనుకుందాం. ప్రాధాన్య వరుసలో మీ ముందు 45 మంది ఉంటే సుమారు 15 నిమిషాలు పడుతుంది. 120 మంది ఉంటే 40 నిమిషాలు. మీరు కొన్న పాస్ అదే, ధర అదే. ఆ రోజు ఎన్ని పాస్‌లు అమ్మారన్నదే తేడా.

అందుకే ఆ గేటు దగ్గర కాస్త గమనించండి. ఉద్యోగి ఎటునుంచి ఎంతమందిని వదులుతున్నాడో రెండు మూడు విడతలు చూస్తే తెలిసిపోతుంది. ముందుకు వెళ్ళిన రైలే వెనక్కి తిరిగివచ్చే రకం రోలర్ కోస్టర్లలో, ఆ రైలు ఆగేదాకా తర్వాతి విడత ఎక్కడానికే వీలుండదు. అక్కడ ప్రాధాన్య వరుస కూడా మెల్లగానే కదులుతుంది. గేటు తనిఖీ, లాకర్లు, చేతిపట్టీ తీసుకునే కౌంటర్ దగ్గర పట్టే సమయాన్ని ఏ ప్రాధాన్య పాస్ కూడా సాధారణంగా తగ్గించదు. దాన్ని నిరీక్షణ సమయంలో కలిపి లెక్క చెబితే మీ వాదన బలహీనపడుతుంది.

3. కొనేముందు కౌంటర్ దగ్గర ఏం అడగాలి?

ఈ పాస్ ఏయే రైడ్‌లకు చెల్లుతుంది, ఒక్కో రైడ్‌కు ఒకసారేనా? వాటిలో ఈరోజు నడవనివి ఏవి? ఈరోజు పాస్‌ల అమ్మకానికి పరిమితి ఉందా? రైడ్ ఆగిపోతే ఏమిస్తారు? సేవ నాణ్యత, ప్రమాణం, ధరల గురించి సమాచారం పొందడం చట్టంలోని సెక్షన్ 2(9) కింద మీ హక్కు. నోటిమాటగా జవాబు వస్తే, అదే ప్రశ్నను పార్కు వాట్సాప్‌కు గాని మెయిల్‌కు గాని పంపి జవాబు రాబట్టండి. పిల్లల ఎత్తు కూడా ముందే చూసుకోవాలి. ఎత్తు పరిమితిని బోర్డు మీద చూపించి ఉన్నప్పుడు, ఆ కారణంగా ఎక్కనివ్వకపోతే ప్రాధాన్య పాస్ డబ్బు తిరిగి అడగడం కష్టం.

4. పెద్ద అక్షరాల్లో ‘నో వెయిటింగ్’ అని ఉంది. చిన్న అక్షరాల్లో ‘రద్దీని బట్టి ఆగాల్సి రావచ్చు’ అని ఉంది. ఏది నిజం?

ఆ రెండూ ఒకదానికొకటి పొసగకపోతే, చిన్న అక్షరాలు నిర్వాహకుడిని పూర్తిగా కాపాడవు. తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణకు 2022 జూన్ 9న వెలువడిన మార్గదర్శకాల ప్రకారం, షరతు అసలు మాటకు విరుద్ధంగా ఉండకూడదు. అసలు మాట ఏ భాషలో ఉంటే షరతు కూడా ఆ భాషలోనే ఉండాలి. ప్రకటన తెలుగులో, షరతు ఇంగ్లీషులో ఉంటే ఆ తేడాను ఫొటో తీసి పెట్టుకోండి. అయితే ‘తక్కువ వెయిటింగ్’ వంటి మాట హామీగా నిలబడుతుందని చెప్పలేం. దేనికన్నా తక్కువ, ఎంత తక్కువ అన్నది అందులో లేదు.

5. ప్రాధాన్య వరుసలో గంటకు పైగా నిలబెట్టారు. అది సేవాలోపమా?

కావచ్చు. చట్టంలోని సెక్షన్ 2(42) ‘సేవ’ నిర్వచనంలో వినోదాన్ని పేరు పెట్టి చేర్చింది. ఒప్పందం ప్రకారం ఇస్తానన్న దానిలో కొరత ఉంటే సెక్షన్ 2(11) కింద అది సేవాలోపం. అదే సెక్షన్ మరో మాట కూడా చెప్పింది: వినియోగదారుడికి తెలియవలసిన సమాచారాన్ని కావాలని తొక్కిపెట్టడం కూడా సేవాలోపమే. నా దృష్టిలో ప్రాధాన్య పాస్ వివాదాలకు అసలైన ఆధారం ఈ రెండోదే.

ఎందుకంటే చాలా పాస్‌ల మీద నిమిషాల హామీ ఉండదు. కాని మధ్యాహ్నం కౌంటర్‌లో పాస్ అమ్మే వేళకే ప్రాధాన్య వరుస గంట దాటి ఉంటే, ఆ సంగతి నిర్వాహకుడికి తెలుసు, మీకు తెలియదు. తెలిసీ చెప్పకుండా అమ్మారని చూపగలిగితే మీ వాదనకు బలం ఉంటుంది. హామీ లేక, దాచిన సమాచారమూ లేక, కేవలం పండగ రద్దీ వల్ల ఆలస్యమైతే గెలుపు అవకాశం తక్కువ. ఈ తేడా తేల్చుకోకుండా ఫిర్యాదు రాయకండి.

6. వాన వచ్చిందనో, సాంకేతిక లోపమనో రైడ్ ఆపేశారు. డబ్బు అడగవచ్చా?

భద్రత కోసం ఆపడం తప్పు కాదు. ఆపకుండా నడపమని ఒత్తిడి చేయకండి. అడగవలసింది వేరే ఉంది. పొద్దున్నుంచీ మూతపడి ఉన్న రైడ్‌ను కూడా కలిపి చూపించి పాస్ అమ్మారా? ఆపిన తర్వాత కూడా అదే ధరకు అమ్ముతూ పోయారా? ప్రత్యామ్నాయం ఇస్తామన్న షరతు ఉండి కూడా ఇవ్వలేదా? వీటిలో ఏ ఒక్కటి జరిగినా, ఆ మేరకు వాపసు కోరవచ్చు.

7. టికెట్టు మీద ‘డబ్బు వాపసు లేదు’ అనీ, ‘వివాదాలు ఫలానా నగరం కోర్టులలోనే’ అనీ అచ్చువేశారు. ఇక దారి లేదా?

ఉంది. లోపమున్న సేవకు బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా, డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. మీరే మనసు మార్చుకుని వెళ్ళకపోయిన సందర్భానికి ఇది వర్తించదు. ఇక వేదిక సంగతి: సెక్షన్ 34(2)(డి) ఫిర్యాదుదారు నివసించే చోటనే ఫిర్యాదు చేసే వీలు కల్పించింది. మధ్యవర్తిత్వ షరతు ఉన్నా వినియోగదారుల వేదికకు వెళ్ళడానికి అది అడ్డు కాదని సుప్రీంకోర్టు 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో తేల్చింది.

ఒక జాగ్రత్త. టికెట్టు మీద అచ్చువేసిన షరతునే ‘అన్యాయమైన ఒప్పందం’ అని కొట్టివేయించాలనుకుంటే, ఆ అధికారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు లేదు. రాష్ట్ర కమిషన్‌కు, జాతీయ కమిషన్‌కు మాత్రమే ఉంది. కాబట్టి జిల్లా కమిషన్‌లో సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అనే మాటల మీదనే ఫిర్యాదు నిర్మించండి.

8. యాప్‌లో టికెట్టు కొంటుంటే ప్రాధాన్య పాస్ దానంతటదే చేరిపోయింది. ‘ఇంకా రెండే మిగిలాయి’ అని తొందరపెట్టారు. ఇవి చెల్లుతాయా?

మీరు కోరకుండా వస్తువును గాని సేవను గాని బిల్లులోకి చేర్చడం, లేని కొరతను ఉన్నట్టు చూపి తొందరపెట్టడం, చివరి మెట్టులో కొత్త రుసుములు బయటపెట్టడం అనే మూడింటినీ 2023 నవంబరు 30న వెలువడిన డార్క్ పాటర్న్స్ మార్గదర్శకాలు నిషేధించాయి. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడిని మీ సమ్మతిగా లెక్కించకూడదని 2020 ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. ప్రతి తెరనూ స్క్రీన్‌షాట్ తీసుకోండి. డబ్బు కట్టేశాక ఆ తెరలు మళ్ళీ దొరకవు.

9. ఏ రుజువులు దాచుకోవాలి?

సేవాలోపాన్ని రుజువు చేయవలసిన భారం ఫిర్యాదుదారుదేనని సుప్రీంకోర్టు 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో మరోసారి చెప్పింది. ‘చాలాసేపు నిలబెట్టారు’ అన్న మాట ఒక్కటే సరిపోదు.

ప్రాధాన్య వరుస మొదట్లో ఉన్న బోర్డును, మీ ముందున్న వరుసను ఒక ఫొటో తీయండి. రైడ్ దగ్గరకు చేరాక మరొకటి తీయండి. ఫోన్‌లో నమోదయ్యే వేళలే మీ గడియారం. రైడ్ లోపల ఫోన్ నిషేధం ఉంటే లాకర్‌లో పెట్టేముందు తీయాలి. నిషేధాన్ని మీరకండి. బిల్లు, బ్యాంకు సందేశం, పాస్ వెనుకవైపు షరతులు, ఆ రోజు వెబ్‌సైట్‌లో ఉన్న వివరణ, అన్నీ భద్రపరచండి. చేతిపట్టీని సాయంత్రం కత్తిరించి పారేస్తారు చాలామంది. దాని మీద నంబరు గాని కోడ్ గాని ఉంటే, మీరు ఏ రైడ్ దగ్గర ఎప్పుడు స్కాన్ చేశారో నిర్వాహకుడి దగ్గరున్న రికార్డుకు అదే తాళంచెవి. కవరులో పెట్టి దాచండి. ఔటర్ మీద ఫాస్టాగ్ సందేశాలు మీరు ఏ వేళకు వెళ్ళారో, ఎప్పుడు తిరిగి వచ్చారో చెబుతాయి.

బయటకు వచ్చేముందు అతిథి సేవల కౌంటర్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఇవ్వనంటే అక్కడి నుంచే మెయిల్ పంపండి. ఫొటోలున్న అసలు ఫోన్‌ను ఫిర్యాదు తేలేదాకా అమ్మకండి. ఫిర్యాదులో ఫొటోలు జతచేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కూడా పెడితే అభ్యంతరాలకు తావు తగ్గుతుంది.

10. పాస్ స్కూలు కొన్నది, లేదా మా కంపెనీ కొన్నది. నేను ఫిర్యాదు చేయవచ్చా?

డబ్బు ఇచ్చినవారి అనుమతితో సేవ పొందిన లబ్ధిదారు కూడా వినియోగదారుడే. మైనరు తరఫున తల్లి గాని తండ్రి గాని చట్టబద్ధ సంరక్షకుడు గాని ఫిర్యాదు చేయవచ్చు. కంపెనీ తన పేరుతో ఫిర్యాదు చేస్తే, అది వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నదన్న అభ్యంతరం రావచ్చు. ఉచితంగా వచ్చిన సేవ చట్టం పరిధిలోకి రాదు.

11. మాది సాధారణ టికెట్టు. ప్రాధాన్య పాస్‌ల వల్ల మేము రెండు గంటలు నిలబడ్డాం. మాకు హక్కు లేదా?

మీ బాధ న్యాయమైనదే. రెండో ప్రశ్నలోని లెక్కే చూడండి. ప్రాధాన్య వరుసలో 120 మంది, సాధారణ వరుసలో 360 మంది ఉండి, ప్రాధాన్య వరుసలోకి కొత్తవారు వస్తూనే ఉంటే, సాధారణ వరుసలో చివరి మనిషికి 2 గంటలు పడుతుంది. అందరిదీ ఒకే వరుస అయితే 480 మందీ 80 నిమిషాల్లో ఎక్కేవారు. అయినా, రెండు వరుసల పద్ధతి ఉందని ముందే తెలియజేసి ఉంటే, కేవలం ఆ పద్ధతి మీద సేవాలోపం నిలవడం కష్టం. సాధారణ టికెట్టుతో అన్ని రైడ్‌లూ ఎక్కవచ్చని హామీ ఇచ్చి, రోజంతా ఉన్నా సాధ్యం కాని పరిస్థితి కల్పిస్తే అది వేరే విషయం.

12. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందుగా నిర్వాహకుడి దగ్గర. ఆన్‌లైన్‌లో కొని ఉంటే, ఆ వెబ్‌సైట్ లేదా యాప్ ఫిర్యాదుల అధికారికి రాయండి. ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆ అధికారి 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు. హెల్ప్‌లైన్ రాజీకి ప్రయత్నిస్తుంది, తీర్పు ఇవ్వదు. అక్కడ ఫిర్యాదు పెట్టినంత మాత్రాన చట్టంలోని గడువు ఆగదు.

13. జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు ఎలా?

చెల్లించిన ధర 50 లక్షల రూపాయలు మించని వివాదాలు జిల్లా కమిషన్‌లో వేయాలి. ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. మీ చిరునామా ఏ జిల్లా కమిషన్ పరిధిలో ఉందో దాఖలుకు ముందే 1915లో నిర్ధారించుకోండి. మేడ్చల్-మల్కాజిగిరి 2016 అక్టోబరు 11న రంగారెడ్డి నుంచి విడివడిన జిల్లా. పాత కాగితాల్లో జిల్లా పేరు వేరుగా ఉన్నవారు ఇప్పటి చిరునామా రుజువు జతచేయాలి.

లాయరు తప్పనిసరి కాదు. ముందుగా లీగల్ నోటీసు పంపాలన్న నిబంధన చట్టంలో లేదు. అయినా పంపి 15 రోజులు చూడమని నా సలహా. నోటీసు దశలోనే తేలిపోయే అవకాశం ఉంటుంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు తదితరులకు న్యాయసేవల చట్టం, 1987 కింద ఉచిత న్యాయసహాయం ఉంది. ఫోన్ 15100.

ఫిర్యాదు స్వీకరణను కమిషన్ మామూలుగా 21 రోజుల్లో తేల్చాలి. నోటీసు అందిన 30 రోజుల్లో నిర్వాహకుడు జవాబు వేయాలి. కమిషన్ మరో 15 రోజులకు మించి పొడిగించలేదు. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చి 4న దీన్ని ఖరారు చేసింది. నోటీసు అందిన మూడు నెలల్లో ఫిర్యాదు తేల్చాలని చట్టం ఆశిస్తుంది. ఆచరణలో వాయిదాలు పడతాయి, అందుకు సిద్ధంగా ఉండండి.

14. ఆ రోజు వందల మందికి ఇదే జరిగింది. అందరి తరఫునా చేయవచ్చా?

ఒకే ప్రయోజనం ఉన్న అనేకుల తరఫున, జిల్లా కమిషన్ అనుమతితో సెక్షన్ 35(1)(సి) కింద వేయవచ్చు. అంతకన్నా సులువైన దారి సెక్షన్ 17. వినియోగదారులందరికీ నష్టం కలిగించే ప్రకటన గాని పద్ధతి గాని ఉంటే కలెక్టరుకు లేదా కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు రాయవచ్చు. పార్కు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉంటే శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలోని కలెక్టరేట్‌లో ఇవ్వండి. రావిర్యాల వైపు పార్కు అయితే కొంగర కలాన్‌లోని రంగారెడ్డి కలెక్టరేట్‌లో ఇవ్వాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు ప్రాధికార సంస్థ మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయగలదు. ఆ జరిమానా మీకు రాదు. మీ డబ్బు కోసం జిల్లా కమిషన్‌కు వెళ్ళాల్సిందే.

15. ఎంత అడగాలి?

ప్రాధాన్య పాస్ కోసం అదనంగా కట్టిన మొత్తం, ఫిర్యాదు ఖర్చులు, సహేతుకమైన పరిహారం. రైడ్‌లు ఎక్కి, పార్కులో రోజంతా గడిపి, మొత్తం టికెట్టు ధర తిరిగి ఇమ్మంటే కమిషన్ ఒప్పుకోవడం కష్టం. లక్షలు రాసినంత మాత్రాన లక్షలు రావు. అతిగా కోరితే ఫిర్యాదు మీది నమ్మకమే సడలుతుంది.

16. అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్ళినప్పుడు అక్కడి పార్కులో కొన్న పాస్ మీద ఇక్కడ వేయవచ్చా?

వేయమని సలహా ఇవ్వను. ఇక్కడ ఆదేశం వచ్చినా అక్కడ అమలు చేయించడం ఆ పాస్ ధరకు తగిన పని కాదు. అక్కడే అతిథి సేవల విభాగంలో అడగండి. లేదా కార్డు ఇచ్చిన బ్యాంకులో గడువులోగా లావాదేవీని వివాదపరచండి.

17. గడువు ఎంత? ఆదేశం వచ్చాక కూడా డబ్బు ఇవ్వకపోతే?

వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్ళలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. పాస్ కొన్న తేదీ, పార్కుకు వెళ్ళిన తేదీ వేరైతే, ముందు తేదీ నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు, కాని దాన్ని నమ్ముకోకండి. జిల్లా కమిషన్ ఆదేశం మీద 45 రోజుల్లోగా రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు. డబ్బు కట్టమని ఆదేశం వచ్చిన పక్షం అందులో సగం జమ చేశాకే అప్పీలు స్వీకరిస్తారు. అప్పీలు లేకుండా, డబ్బూ ఇవ్వకుండా ఊరుకుంటే సెక్షన్ 71 కింద అమలు పిటిషన్ వేయండి. సెక్షన్ 72 ప్రకారం ఆదేశాన్ని పాటించనివారికి నెల నుంచి మూడేళ్ళ దాకా జైలు, లేదా 25,000 నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.